బోండాం నీళ్ల దగ్గర మొదలుపెట్టు

శ్రీకాకుళం

తమ్ముడికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది, నిదానంగా చదివాను. అయాన్ ఛానళ్ల గురించి, అంటే పొటాషియం, సోడియం లాంటి ఆవేశమున్న రేణువులు (అయాన్లు) కణం లోపలికీ బయటికీ వెళ్లే ప్రోటీన్ దారుల గురించి, తెలుగులో రాయాలని నీకు అనిపించినందుకే నాకు చాలా సంతోషం. విషయం బాగా తెలుసుకుని రాశావు. కానీ మొదటి పేజీ దాటేసరికి చదివేవాళ్లు అలిసిపోతారు. కణత్వచం (కణం చుట్టూ ఉండే పొర) అంటే ఏమిటి, అందులో కొవ్వు అణువులు ఎన్ని వరుసలు, ప్రోటీన్లు ఎన్ని రకాలు... పరీక్షలో పది మార్కుల జవాబులా నడిచింది. ఇదంతా ఎందుకు తెలుసుకోవాలో మాత్రం ఎక్కడా చెప్పలేదు.

మీది ఉద్దానం, కిడ్నీ జబ్బుల ప్రాంతం. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లే. డయాలసిస్‌కి వెళ్లొచ్చేవాళ్ల గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. బోండాం నీళ్లు తాగొద్దని డాక్టరు వాళ్లకి గట్టిగా చెబుతాడు. "మన చెట్టు కాయే కదా, నీరు తాగితే ఏటవుద్ది బాబూ?" అని అడిగే పెద్దమ్మ మీ వీధిలోనే ఉంటుంది. ఆవిడకి సరైన జవాబు చెప్పాలంటే ఛానళ్ల దాకా వెళ్లక తప్పదు. నీ వ్యాసం ఆ ప్రశ్నతో మొదలవ్వాలి.

బోండాం నీళ్లలో పొటాషియం ఎక్కువ, 100 మిల్లీలీటర్లకు సుమారు 200 మిల్లీగ్రాములు. మంచి కిడ్నీ అయితే ఎక్కువైనదాన్ని బయటికి పంపేస్తుంది. పాడైన కిడ్నీ పంపలేదు, అది రక్తంలోనే ఉండిపోతుంది. రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. కణం లోపల మాత్రం సుమారు 140 ఉంటుంది. గుండె కండరంలోని కణం విశ్రాంతిగా ఉన్నప్పుడు కొన్ని పొటాషియం ఛానళ్లు తెరిచే ఉంటాయి. వాటిలోంచి కాస్త పొటాషియం బయటికి జారడం వల్లే కణం లోపల సుమారు మైనస్ 90 మిల్లీవోల్టులు నిలుస్తుంది. ఇప్పుడు రక్తంలో పొటాషియం 4 నుంచి 7కి పెరిగిందనుకో. బయటికి జారే తోపు తగ్గి, ఆ వోల్టేజి సుమారు 15 మిల్లీవోల్టుల మేర సున్నా వైపు జరుగుతుంది.

పదిహేను మిల్లీవోల్టులేనా అని పాఠకుడు తేలిగ్గా తీసుకుంటాడు. ఇక్కడ ఆగు, తొందరపడకు. కణం చుట్టూ ఉన్న ఆ పొర మందం నాలుగు నానోమీటర్లు (నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు). అంత పలచని పొరకి అటూ ఇటూ 70 మిల్లీవోల్టుల తేడా ఉన్నా చాలు, లెక్క వేస్తే మీటరుకి కోటి వోల్టులు దాటుతుంది! ఛానల్ ప్రోటీన్‌లో ఎస్4 అనే ముక్క ఈ క్షేత్రం మధ్యలోనే ఉంటుంది. దాని మీద ప్రతి మూడో స్థానంలో ధనావేశమున్న ఆర్జినిన్ లాంటి అమినో ఆమ్లం. లోపలి రుణావేశం దాన్ని లోపలికి లాగి పట్టుకుంటుంది. వోల్టేజి మారగానే ఆ పట్టు సడలి ఎస్4 బయటి వైపు కదులుతుంది, దానికి అతుక్కున్న భాగాలు కదిలి ఛానల్ అడుగున ఉన్న దారి విచ్చుకుంటుంది. ఆవేశం, కదలిక, దారి, ప్రవాహం: ఈ వరుస ఎక్కడా తప్పనివ్వకు.

గుండె కండరంలో విద్యుత్ సంకేతాన్ని నడిపించే సోడియం ఛానల్‌కి ఇంకో గుణం ఉంది. తెరుచుకున్న ఒకటి రెండు మిల్లీసెకన్లలోనే దాని సొంత ప్రోటీన్ ముక్క ఒకటి వచ్చి దారి మూతపడేలా చేస్తుంది. వోల్టేజి మళ్లీ బాగా కిందికి, అంటే మైనస్ 90 వైపు దిగితేనే ఆ మూత వదులుతుంది. పొటాషియం ఎక్కువైన గుండెలో అలా దిగడమే కుదరదు. చాలా ఛానళ్లు మూతపడే ఉండిపోతాయి, విద్యుత్ సంకేతం నెమ్మదిస్తుంది, ఈసీజీలో గీతలు వెడల్పవుతాయి, చివరికి గుండె లయ తప్పుతుంది. పెద్దమ్మ అడిగినదానికి ఇదీ జవాబు.

నీ వ్యాసంలో నాకు నచ్చనిది ఒక్కటే, ఆ వాచ్‌మన్ పోలిక. "ఎవరిని పంపాలో ఛానల్‌కి తెలుసు" అన్నావు. ఛానల్‌కి ఏమీ తెలియదు. ఆ పోలికతో అసలు వింత కాస్తా కనబడకుండా పోయింది. పొటాషియం అయాన్ వ్యాసార్థం 1.33 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు), సోడియంది 0.95. పెద్దది దూరే దారిలో చిన్నది ఎందుకు దూరదు? ఈ ప్రశ్నను పాఠకుడి ముందు పెట్టి కాసేపు ఉంచు, వెంటనే విప్పేయకు.

నీళ్లలో ప్రతి అయాన్ చుట్టూ నీటి అణువులు పట్టుకుని ఉంటాయి. ఇరుకు దారిలోకి రావాలంటే వాటిని వదులుకోవాలి, దానికి చాలా శక్తి ఖర్చవుతుంది. శాస్త్రవేత్త రోడెరిక్ మెకిన్నన్ బృందం 1998లో ఒక బాక్టీరియా పొటాషియం ఛానల్ రూపాన్ని ఎక్స్-రేలతో చూసింది. నాలుగు ఉపభాగాలు, మధ్యలో దారి. అందులో 12 ఆంగ్‌స్ట్రామ్‌ల పొడవున్న ఇరుకు చోట గోడలోంచి ఆక్సిజన్ పరమాణువులు లోపలికి తిరిగి ఉన్నాయి. పొటాషియం చుట్టూ నీళ్లు ఎంత దూరంలో నిలబడతాయో ఇవీ అంతే దూరంలో ఉన్నాయి. కాబట్టి పొటాషియం నీళ్లని వదిలినా నష్టపోదు. చిన్నదైన సోడియంకి ఆ ఆక్సిజన్లు అందవు, అది తన నీళ్లతోనే బయట ఉండిపోతుంది. ఇంత కచ్చితంగా ఎంచుతూనే సెకనుకి కోటికి పైగా అయాన్లని పంపగలదు. దీనికే ఆయనకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇది రాసేటప్పుడు పేజీలు లెక్కపెట్టుకోకు.

ఛానళ్లు "మెల్లగా తెరుచుకుంటాయి" అని కూడా రాశావు. 1976లో నేహెర్, సక్‌మన్ అనే శాస్త్రవేత్తలు కప్ప కండరం మీద గాజు పిపెట్ (సన్నటి గొట్టం) ఆనించి, ఒక్కో ఛానల్‌లో ప్రవహించే కరెంటును కొలిచారు. కరెంటు ఉంటే ఉంది, లేకపోతే సున్నా. మధ్యలో దాదాపు ఏమీ లేదు. తెరుచుకునే క్షణం ముందుగా చెప్పలేం. వోల్టేజి మారినా, రసాయనం తగిలినా మారేది ఎంతసేపు తెరిచి ఉంటుందన్న సంభావ్యత. వేల ఛానళ్లు కలిసినప్పుడే అది నున్నటి గీతలా కనబడుతుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు 1952లో స్క్విడ్ అనే సముద్రజీవి నరం మీద కొలిచి సమీకరణాలు రాసింది ఆ నున్నటి గీతలకే. ఛానల్‌ని ఎవరూ చూడకముందే, నాలుగు ముక్కలు కదిలితే గానీ పొటాషియం దారి తెరుచుకోదన్నట్టుగా వాళ్ల లెక్క కుదిరింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఒక జాగ్రత్త. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయన్నది ఇంకా తేలలేదు. నువ్వు చెబుతున్నది పాడయ్యాక గుండెకి ఏమవుతుందన్నది మాత్రమే. ఆ రెండూ కలిసిపోయేలా ఒక్క వాక్యం కూడా ఉండకూడదు. అక్కడివాళ్లు భయంతో చదువుతారు, ఆశతోనూ చదువుతారు.

చివర్లో మిరపకాయ మంట గురించి పెట్టిన పేరా తీసెయ్. మిరపలోని కాప్సైసిన్, 43 డిగ్రీలు దాటిన వేడి ఒకే ఛానల్‌ని తెరుస్తాయన్నది అద్భుతమైన సంగతే, కానీ అది వేరే వ్యాసం. ముందు ఇది తిరగరాసి పంపు.

ఇట్లు
మీ అక్క