మామిడి సీజను మొదలు కాకముందే కంప్యూటర్ల సంగతి

ప్రశ్న: మాది చిత్తూరులో మామిడి గుజ్జు వ్యాపారం. ఆఫీసులో నాలుగు కంప్యూటర్లు, ఫ్యాక్టరీ గేటు దగ్గర వేబ్రిడ్జికి ఒకటి ఉన్నాయి. అన్నీ విండోస్ 10 మీదే నడుస్తున్నాయి. ట్యాలీ, జీఎస్‌టీ రిటర్నులు, సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లులు అన్నీ వాటిలోనే. కంప్యూటర్లు సప్లై చేసే ఆయన అన్నింటినీ మార్చేయమంటున్నారు. మా అకౌంటెంటు మాత్రం బాగానే పనిచేస్తున్నప్పుడు దండగ ఖర్చెందుకని అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఇద్దరి మాటలోనూ సగమే నిజం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇస్తూ వచ్చిన భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అంతమాత్రాన కంప్యూటర్లు ఆగిపోవు, ట్యాలీ తెరుచుకుంటూనే ఉంటుంది, అందుకే మీ అకౌంటెంటుకు తేడా కనబడడం లేదు. అయితే ఆ తేదీ తర్వాత బయటపడే లోపాలకు మరమ్మతు రాదు. ఆ లోపాల సంగతి దొంగలకు మాత్రం తెలుస్తూనే ఉంటుంది.

మాలాంటి చిన్న వ్యాపారి మీద ఎవరి కన్ను పడుతుందని చాలామంది అడుగుతారు. 2017 మే నెలలో వచ్చిన వన్నాక్రై అనే వైరస్ ఎవరినీ ఏరి కొట్టలేదు. నెట్‌వర్కులో ఫైళ్లు పంచుకునే ఏర్పాటులోని ఒక లోపం ద్వారా అది తనంతట తానే ఒక కంప్యూటరు నుంచి మరొక దానికి పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆ లోపానికి మరమ్మతు అదే ఏడాది మార్చిలోనే విడుదలైంది. దానిని వేసుకోని యంత్రాలే దొరికిపోయాయి, చిత్తూరు జిల్లాతో సహా మన రాష్ట్రంలోని కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా వాటిలో ఉన్నాయి.

అలాగని ఐదింటినీ మార్చవలసిన పని లేదు. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసరు కావాలి. పీసీ హెల్త్ చెక్ అనే మైక్రోసాఫ్ట్ ఉచిత ప్రోగ్రాము నడిపితే మీ యంత్రం పనికివస్తుందో లేదో అదే చెబుతుంది. 2019 తర్వాత కొన్నవైతే చాలావరకు పనికివస్తాయి, అసలైన లైసెన్సు ఉంటే కొత్త విండోస్‌కు వేరే డబ్బు కట్టనక్కరలేదు. అలాంటి యంత్రం నెమ్మదిగా ఉందనిపిస్తే పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్కు వేయించండి, కొత్త కంప్యూటరు కొన్నంత తేడా కనబడుతుంది. పనికిరాని యంత్రాలకు డబ్బు కట్టి పొడిగింపు అప్‌డేట్లు తీసుకోవచ్చు గానీ, వ్యాపార సంస్థలకు దాని ధర కంప్యూటరు ఒక్కింటికి మొదటి ఏడాది 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు. మూడేళ్లకు లెక్క వేసుకుంటే 427 డాలర్లు అవుతుంది కాబట్టి, ఆ సొమ్ము కొత్త యంత్రం మీద పెట్టడమే నయమని నా అభిప్రాయం. వేబ్రిడ్జి కంప్యూటరు తూకం చీటీలు ముద్రించడానికి తప్ప మరి దేనికీ వాడకపోతే దానిని ఇంటర్నెట్ నుంచీ, ఆఫీసు నెట్‌వర్కు నుంచీ విడదీసి అలాగే ఉంచుకోవచ్చు. దాని మీద వాట్సాప్ తెరవడం, ఎవరి పెన్‌డ్రైవ్ పడితే వారిది గుచ్చడం మాత్రం ఆపించండి.

మీరు అడగకపోయినా దీనికంటే ముఖ్యమైనది ఒకటి ఉంది. ట్యాలీ బ్యాకప్ ఎక్కడ ఉందని అడిగితే ఎక్కువ ఆఫీసుల్లో వచ్చే జవాబు అదే కంప్యూటరులోని డి డ్రైవు అని. అది బ్యాకప్ కాదు, హార్డ్‌డిస్క్ పాడైనా, ఫైళ్లకు ఎవరైనా తాళం వేసినా రెండు ప్రతులూ ఒకేసారి పోతాయి. ఎప్పుడూ తగిలించి ఉంచిన ఎక్స్‌టర్నల్ డిస్కుకు కూడా అదే గతి పడుతుంది. రెండు డిస్కులు కొని ఒక వారం ఒకటి, మరుసటి వారం మరొకటి వాడుతూ, పని కాగానే ఊడదీసి, వాడుకలో లేనిదానిని ఇంట్లో ఉంచండి, ఇంకొక ప్రతి క్లౌడ్‌లో ఉంటే మరీ మంచిది. నెలకొకసారి ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటరులో రీస్టోర్ చేయించి, ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయిందో లేదో మీరే కూర్చుని చూడండి. అలా తెరిచి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను. ట్యాలీ లెక్కలకు తాళం వేసే ట్యాలీవాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే దానిని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, అది మరిచిపోతే తిరిగి రాబట్టే దారి కంపెనీ దగ్గర కూడా లేదు.

క్రాక్ చేసిన (లైసెన్సు లేకుండా నడిచేలా మార్చిన) విండోస్ గానీ ట్యాలీ గానీ మీ ఆఫీసులో ఉంటే పైన చెప్పినదంతా వృథా. ఆ క్రాక్ వేసే ముందు యాంటీవైరస్ ఆపమని అడుగుతుంది, ఎందుకు అడుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ-వే బిల్లు పోర్టల్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ ఓటీపీతో కూడిన లాగిన్ తప్పనిసరి అయింది. ఆ ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోందో ఒకసారి చూడండి. ఎప్పుడో మానేసిన గుమాస్తా నంబరో, ఆడిటరు గారి దగ్గర పనిచేసే కుర్రాడి నంబరో అక్కడ ఉండిపోవడం మామూలే. నంబరు మార్పించి, బిల్లులు తీసే ప్రతి ఉద్యోగికీ వేరుగా సబ్-యూజర్ (సొంత లాగిన్) ఇవ్వండి. డిజిటల్ సంతకం ఉండే చిన్న యూఎస్‌బీ టోకెను కూడా కంప్యూటరుకు గుచ్చి వదిలేయకుండా, ఆడిటరు సొరుగులో ఉంచకుండా మీ బీరువాలోనే పెట్టుకోండి, దానితో వేసిన సంతకం చట్టం దృష్టిలో మీ సంతకమే.

పని ఎప్పుడు పెట్టుకోవాలన్నది కూడా ముఖ్యమే. తోతాపురి లారీలు గేటు ముందు బారులు తీరే జూన్, జూలై నెలల్లో దేన్నీ కదిలించవద్దు. మిగిలిన నెలల్లో కూడా రిటర్నుల గడువులైన 11, 20 తేదీలకు ముందు రోజులు వదిలేయండి. మొదట బ్యాకప్, ఆ తర్వాత అందరికంటే తక్కువ పని ఉన్నవారి కంప్యూటరు మార్చండి. దానిలో బిల్లు ప్రింటరూ, సంతకం టోకెనూ సరిగా పనిచేశాయని తేలాకే అకౌంట్స్ కంప్యూటరు జోలికి వెళ్లండి.

ప్రశ్న: తిరుపతి రైల్వే స్టేషను దగ్గర మాకు లాడ్జి ఉంది. గదికి ముందుగా డబ్బు కట్టామంటూ యాత్రికులు వస్తున్నారు, మా ఖాతాలో చూస్తే పైసా లేదు. ఇంటర్నెట్ మ్యాపులో మా లాడ్జి పేరు కింద ఎవరిదో ఫోన్ నంబరు కనిపిస్తోంది. పిల్లాపాపలతో వచ్చినవారు మమ్మల్నే మోసగాళ్లంటున్నారు. మేమేం చేయాలి?
– లాడ్జి యజమాని, తిరుపతి

జవాబు: మ్యాపుల్లో వివరాలు మార్చమని ఎవరైనా సూచన పంపవచ్చు. యజమాని తనదని నమోదు చేసుకోని పేజీలోనైతే తప్పుడు సూచన నెగ్గే అవకాశం ఎక్కువ. ముందుగా ఆ పేజీని మీ పేరిట నమోదు చేసుకోండి, బోర్డు, రిసెప్షను కనబడేలా వీడియో తీసి పంపమని అడగవచ్చు. నమోదయ్యాక నంబరు సరిచేసి, వారానికొకసారి తెరిచి చూసే పని రిసెప్షనులో ఒకరికి అప్పగించండి. ఒకసారి సరిచేసిన నంబరు మళ్లీ మారిపోవచ్చు. మీ లాడ్జి పేరుతో వేరే నకిలీ పేజీ ఉందేమో కూడా వెతికి, ఉంటే దానిపై ఫిర్యాదు చేయండి.

మోసపోయి వచ్చినవారితో వాదన పెట్టుకోకుండా, అక్కడే వారి ఫోను నుంచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయించండి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దాటిపోకముందే ఫిర్యాదు అందితే దానిని నిలిపివేసే వీలుంటుంది, కాబట్టి గొడవలో గడిచే ప్రతి గంటా దొంగకే లాభం. మీ తరఫున కూడా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ, పోలీసు స్టేషనులోనూ ఫిర్యాదు ఇవ్వండి. కంప్యూటరు, ఫోను ద్వారా మరొకరిలా నటించి మోసగించడం ఐటీ చట్టం 66డి సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడే నేరం. ఆ ఫిర్యాదు ప్రతి మీ కౌంటరులో ఉంటే యాత్రికులకు నచ్చజెప్పడం కూడా సులువవుతుంది.

లాడ్జి వారు అడిగారు కాబట్టి ఇంకొక మాట. రిసెప్షను కుర్రాడి సొంత ఫోనులో యాత్రికుల ఆధార్ ఫోటోలు తీయించవద్దు, అతను ఉద్యోగం మానేసిన రోజున ఆ ఫోటోలన్నీ అతనితో పాటే వెళ్లిపోతాయి. ఆధార్‌కు బదులు వేరే గుర్తింపు కార్డు గానీ, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ గానీ ఇస్తామంటే కాదనకండి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. వాటిలోని ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమలులోకి వస్తాయి, చిన్న లాడ్జికైనా ఈ వ్యవధి సర్దుకోవడానికే.

ప్రశ్న: శ్రీకాళహస్తిలో కలంకారీ చీరలు వాట్సాప్ ద్వారా అమ్ముతాను. కొరియరు వివరాలంటూ వచ్చిన ఒక ఏపీకే ఫైలు నొక్కాను. ఇప్పుడు నా పేరుతో నా కస్టమర్లకే డబ్బు అడిగే మెసేజీలు వెళుతున్నాయట. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: అమ్మా, ముందుగా ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, సిమ్ తీసి వేరే ఫోనులో వేయండి. ఏపీకే అంటే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు, మీకు వచ్చే ఓటీపీలను అది చదువుతూ ఉండవచ్చు. అక్కడి నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. డబ్బు పోయి ఉంటే 1930కు కూడా వెంటనే చెప్పండి. తర్వాత ఆ కొత్త ఫోనులో వాట్సాప్‌ను మీ నంబరుతో మళ్లీ నమోదు చేసుకుని, మీ వాట్సాప్ తెరిచి ఉన్న ఇతర పరికరాల జాబితా అయిన లింక్డ్ డివైసెస్‌లో మీవి కానివన్నీ తీసివేసి, టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోండి. మీ కంటే ముందే ఎవరైనా పిన్ పెట్టేసి ఉంటే ఏడు రోజులు ఆగవలసి వస్తుంది, ఈలోగా కస్టమర్లకు ఫోన్ చేసి చెప్పడం తప్ప మార్గం లేదు. పాత ఫోనులోని ఫోటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయించాకే దానిలో మళ్లీ సిమ్ వేయండి. చీరల డిజైన్ల ఫోటోలు దాచుకునేటప్పుడు ఆ ఏపీకే ఫైలు కూడా వాటితో పాటు కొత్త ఫోనులోకి రాకుండా చూసుకోండి.