మీ కుక్కకు నీళ్ళంటే భయం కాదు, చెవి నొప్పి

ప్రశ్న: చెన్నై మాధవరంలో నాలుగు గేదెలతో పాల వ్యాపారం చేస్తున్నాను. మా అబ్బాయి ముచ్చటపడి తెచ్చిన షీట్జూ కుక్క ఉంది. మూడేళ్ళ వయసు, 6 కిలోల బరువు. గోమార్లు పడుతున్నాయని వారానికి రెండుసార్లు గేదెల్ని కడిగే పైపుతోనే కడుగుతున్నాం. షాపువాళ్ళు చెప్పినట్టు గేదెల గోమార్ల మందు ఒక మూత బకెట్లో కలిపి పోస్తున్నాం. మొదట్లో స్నానం బాగానే చేయించుకునేది. మూడు నెలలుగా బకెట్ చప్పుడు వింటే చాలు, వణుకుతూ మంచం కిందికి దూరుతోంది. ఎప్పుడూ తల విదిలిస్తూ ఉంటుంది. మందు పోసిన రోజు మత్తుగా పడుకుంటుంది. నిన్న బలవంతంగా లాగితే మా ఆవిడ చెయ్యి కొరికింది, రక్తం వచ్చింది. నీళ్ళకు భయపడుతోందంటే పిచ్చి పట్టిందేమో అని పక్కవాళ్ళు అంటున్నారు. భయం పోయే మాత్రలు ఉన్నాయని షాపులో చెప్పారు. వాడవచ్చా?
– ఒక పాడి రైతు, మాధవరం, చెన్నై

జవాబు: కుక్క సంగతి తర్వాత. ముందు మీ ఆవిడను ఇవాళే డాక్టరుకు చూపించండి. కాటు పడిన చోట సబ్బు రాసి, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. నిన్న కడగకపోతే ఇప్పుడైనా కడగండి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టవద్దు. రేబిస్ (పిచ్చికుక్క కాటు జబ్బు) టీకా చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే 0, 3, 7, 28 రోజుల్లో పడాలి. 0 అంటే మొదటి సూది వేసిన రోజు. రక్తం వచ్చింది కాబట్టి గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే మందు) కూడా వేయాలా అన్నది డాక్టరు చూసి చెబుతారు. మన ఇంటి కుక్కే కదా అని ఊరుకోవద్దు. మీరు ఇంత వివరంగా రాసి, కుక్కకు రేబిస్ టీకా ఎప్పుడు వేయించారో మాత్రం రాయలేదు. మూడో నెలలో మొదటిది, ఆ తర్వాత ఏటా ఒకటి పడాలి. కరిచిన రోజు నుంచి 10 రోజులు దాన్ని ఇంట్లోనే ఉంచి గమనించండి. ఈలోగా ఏ మార్పు కనిపించినా పశువైద్యుడికి చెప్పండి.

ఇక పక్కవాళ్ళ మాట. నీళ్ళకు భయపడటం రేబిస్ సోకిన మనిషిలో కనిపించే లక్షణం, కుక్కలో కాదు. రేబిస్ వచ్చిన కుక్కకు చొంగ కారుతుంది, దవడ వేలాడుతుంది, గొంతు మారుతుంది, మింగుడు పడదు, నడక తూలుతుంది. ఆ లక్షణాలు మొదలైన కుక్క సాధారణంగా 10 రోజులు దాటి బతకదు. మీ కుక్క మూడు నెలలుగా తింటూ తాగుతూ ఇలాగే ఉంది. కాబట్టి ఈ వణుకుకు కారణం పిచ్చి కాదు.

మొదట్లో బాగా స్నానం చేయించుకున్న కుక్క ఉన్నట్టుండి భయపడితే, ముందు ఎక్కడ నొప్పి ఉందో వెతకాలి. మీరు మధ్యలో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన ‘తల విదిలిస్తూ ఉంటుంది’ అన్నదే నాకు అసలు ఆనవాలు. షీట్జూ చెవులు వేలాడుతూ ఉంటాయి, లోపల వెంట్రుకలు గుబురుగా ఉంటాయి. మీ చెన్నై ఉక్కపోతలో ఆ చెవిలోకి పైపుతో వారానికి రెండుసార్లు నీళ్ళు కొడితే లోపల ఆరే ప్రసక్తే లేదు. ఈస్ట్, బ్యాక్టీరియా పెరిగి చెవి వాచిపోతుంది. అది నిద్రపోతున్నప్పుడు చెవి తమ్మె మెల్లగా పైకెత్తి చూడండి. చింతపండు గుజ్జులాంటి గులిమి, పులిసిన వాసన, ఎర్రబడిన చర్మం కనిపిస్తే నా అనుమానం నిజమే. కనిపించకపోయినా సరే, ఆసుపత్రిలో లోపలి దాకా చూపించాల్సిందే. నొప్పి పెట్టే చెవిలో నీళ్ళు పడుతున్నప్పుడల్లా ఆ ప్రాణి బకెట్ చప్పుడునీ ఆ బాధనీ ముడిపెట్టుకుంది. పారిపోయింది, వినలేదు, చివరికి కొరికింది. అది పొగరుబోతుతనం కాదు.

రెండో తప్పు ఆ మూత మందు. దీని గురించి గట్టిగానే చెప్పాలి. మందు పోసిన రోజు మత్తుగా పడి ఉంటోందంటే అది స్నానం అలసట కాదు, మందు ఎక్కువై ఒంటికెక్కడం. సీసా మీద అమిట్రాజ్ అని ఉందేమో చూడండి. అది మోతాదు మించితే చిన్న కుక్కల్లో మత్తు వస్తుంది, గుండె వేగం పడిపోతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. 400 కిలోల గేదెకు వాడే మందును 6 కిలోల కుక్కకు మూతతో కొలిచి పొయ్యమన్న షాపతను మీ కుక్కను తూచాడా? చర్మం చూశాడా? కళ్ళకు, చెవులకు తగలకూడదని చెప్పాడా? మందు అమ్మేవాడికి అమ్మడమే తెలుసు. పురుగు మందుల విషయంలో పొలంలో జరిగే నష్టమే ఇప్పుడు పశువుల పాకలోనూ జరుగుతోంది. ఆ మందు ఇవాళ్టి నుంచి ఆపండి.

పైగా ఎంత కడిగినా గోమార్లు పోవు. కుక్కను పట్టే గోమారు బతుకులో ఎక్కువ భాగం ఒంటి మీద కాదు, గోడ పగుళ్ళలో, తలుపు చట్రాల వెనక గడుస్తుంది. ఒక్క ఆడ గోమారు వేలల్లో గుడ్లు పెడుతుంది. ఆ పగుళ్ళు సిమెంటుతో పూడ్పించండి, కుక్క పడుకునే గుడ్డను వారానికోసారి వేడినీళ్ళలో ఉడికించండి. కుక్కకు మెడ వెనక వెంట్రుకలు పాయ తీసి నేరుగా చర్మం మీద పోసే ఫిప్రోనిల్ అనే గోమార్ల మందు, పిపెట్ (చిన్న గొట్టం) రూపంలో ఉంటుంది. 10 కిలోల లోపు కుక్కకు 0.67 మి.లీ. పరిమాణంలోది, నెలకోసారి. పోసే ముందు 2 రోజులు, పోశాక 2 రోజులు స్నానం వద్దు. పాత మందు ప్రభావం తగ్గిందని డాక్టరు చెప్పాకే మొదలుపెట్టండి.

చెవికి మీ అంతట మీరు ఏ చుక్కలూ వేయవద్దు. కొబ్బరి నూనె, హైడ్రోజన్ పెరాక్సైడ్, దూది పుల్లలు అసలే వద్దు. కర్ణభేరికి చిల్లు ఉంటే కొన్ని చుక్కల మందులు వినికిడినే పోగొడతాయి. అందుకే ముందు పరికరంతో లోపలికి చూసి, గులిమిని మైక్రోస్కోపు కింద పరీక్షించి మందు రాస్తారు. మీకు వేపేరి దూరమేమీ కాదు. 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి అక్కడే ఉంది. సాధారణంగా 2 వారాలు మందు పడుతుంది. నాలుగో రోజుకే వాసన పోయిందని ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

ఆ 2 వారాలూ స్నానం బంద్. రోజూ దువ్వండి, కాళ్ళు, మూతి తడిగుడ్డతో తుడవండి, చాలు. ఈలోగా భయం పోగొట్టే పని మొదలుపెట్టండి. రోజుకు రెండుసార్లు, 3 నుంచి 5 నిమిషాలు. బాత్రూం నేల పూర్తిగా పొడిగా ఉండాలి. జారకుండా రబ్బరు మ్యాట్ వేయండి. టైల్స్ మీద కాలు జారడం కూడా కుక్కకు పెద్ద భయమే. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన కోడి మాంసాన్ని శనగగింజంత ముక్కలు చేసి, గుమ్మం దగ్గర ఒకటి, లోపల ఒకటి వేయండి. దానంతట అది లోపలికి రావాలి. చేతుల్లో ఎత్తుకుని తీసుకెళ్ళకూడదు, మెడపట్టీ పట్టి లాగకూడదు. ముక్క తింటే తర్వాతి మెట్టుకు వెళ్ళండి: ఖాళీ టబ్బు, ఆపైన టబ్బులో 2 అంగుళాల గోరువెచ్చని నీళ్ళు, ఆపైన వెనక కాళ్ళ మీద మగ్గుతో కొద్దిగా. ముక్క ముట్టకపోయినా, తోక కాళ్ళ మధ్య పెట్టినా, పెదాలు నాకుతూ ఆవలిస్తూ ఉన్నా భయపడుతోందని లెక్క. ఆ పూటకు ఆపి, మర్నాడు ఒక మెట్టు కిందికి దిగండి. ఒక్కో మెట్టుకు 3 రోజులు పడితే పట్టనివ్వండి. మీ అబ్బాయికి చెప్పండి, అరవడం, నవ్వుతూ వీడియో తీయడం వద్దని.

స్నానం మళ్ళీ మొదలయ్యాక నెలకోసారి సరిపోతుంది, బాగా మురికైతే 2 వారాలకోసారి. అంతకు మించితే చర్మంలో సహజంగా ఉండే నూనె పోయి దురద మొదలవుతుంది. దురద చూసి మీరు మళ్ళీ కడుగుతారు. నీళ్ళు ముందే టబ్బులో నింపి, కుళాయి కట్టేశాక కుక్కను పిలవండి. మోచేతికి గోరువెచ్చగా తగిలితే చాలు. తల మీద పోయవద్దు, ముఖం తడిగుడ్డతోనే తుడవాలి. చెవి మొదట్లో దూది ఉండ వదులుగా పెట్టి, అయిపోగానే తీసేయండి. మన సబ్బులు వద్దు, కుక్కల షాంపూనే ఒక మగ్గు నీళ్ళలో కలిపి వాడండి. వేలికి జిగురు తగలనంత వరకు కడగండి. అంతా కలిపి 10 నిమిషాలు. తుండుతో తుడిచి ఫ్యాన్ కింద ఆరనివ్వండి. చప్పిడి ముక్కు కుక్కకు వేడి గాలి డ్రయ్యర్ పెట్టవద్దు, ఊపిరి ఆడదు.

షాపు మాత్రలు వాడవద్దు. చెవి నొప్పి ఉన్న కుక్కకు మత్తు మాత్ర వేస్తే నొప్పి పోదు, చెప్పుకునే శక్తి మాత్రం పోతుంది. చెవి నయమయ్యాక కూడా 6 వారాల్లో మార్పు రాకపోతే, పశువైద్యుడు బరువు చూసి తాత్కాలికంగా మందు ఇస్తారు.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు టీకా కార్డు, ఆ గోమార్ల మందు సీసా రెండూ వెంట తీసుకెళ్ళండి.