పాత పికప్ కొన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

2012 మోడల్ బొలేరో పికప్ తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. 2523 సీసీ డీఐ ఇంజన్, మెకానికల్ పంపు. సెన్సర్ల గొడవ తక్కువ, భీమవరం చుట్టుపక్కల ఏ షెడ్డులోనైనా విప్పి బిగిస్తారు. కొనడం వరకు బాగానే కొన్నావు. కానీ చేతిలో ఉన్న కాస్త డబ్బూ ముందు ఇంజన్ రీబోర్‌కి (సిలిండర్లు తొలిచి కొత్త పిస్టన్లు, రింగులు వేయడానికి), మిగిలింది పెయింటుకి పెడదామని చూస్తున్నావట. ఆ వరస తప్పు. చేపలు, రొయ్యలు తోలే బండికి ముందు బ్రేకులు, తరవాత ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం), ఆ తరవాత రేడియేటర్ సంగతి. ఇంజన్ ఆఖరున. పెయింటు గురించి వచ్చే ఏడాది మాట్లాడుకుందాం.

ఇంజన్ విప్పాలో వద్దో మెకానిక్ మాట మీద తేల్చకు. ఇంజన్ బాగా వేడెక్కాక రేసు ఇవ్వకుండా స్లోలో పెట్టి, ఆయిల్ పోసే మూత తీసి, బిగించకుండా అదే కంత మీద బోర్లించు. మూత కాస్త వణికితే ఫరవాలేదు. పొగతో ఎగిరి కింద పడుతుంటే రింగులు అరిగాయని అనుమానించాలి. నీలం పొగ వస్తున్నా వెంటనే రింగుల మీదకి వెళ్లకు. టర్బో (గాలిని నొక్కి పంపేది) నుంచి ఇంజన్‌కి గాలి వెళ్లే పైపు విప్పి చూడు. లోపల ఆయిల్ మడుగు కట్టి ఉంటే తప్పు టర్బో సీలుది కావచ్చు, దానికి రీబోర్ చేయించినా పొగ ఆగదు. నల్ల పొగ అయితే ఇంకా చిన్న పని: ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది, లేదా టర్బో పైపు క్లిప్పు వదులై గాలి బయటికి పోతుంటుంది, లేదా డీజిల్ చిమ్మే నాజిళ్లు కారుతుంటాయి. నాలుగు నాజిళ్లూ విప్పి డీజిల్ పంపు షాపులో ప్రెషర్ టెస్టు చేయించు. బండి లాగుడు పెరుగుతుందని పంపు సీలు విప్పి డీజిల్ పెంచుతామంటే మాత్రం ఒప్పుకోకు. పొగ, హెడ్డు వేడి రెండూ పెరుగుతాయి, మైలేజీ పడిపోతుంది.

ఇక బ్రేకులు. వెనక రెండు డ్రమ్ములూ విప్పించి, వీల్ సిలిండర్ (బ్రేకు షూలని తోసేది) రబ్బరు మూతని వేలితో పైకి లేపి చూడు. లోపల తడి ఉంటే ఆ సిలిండర్ కారుతున్నట్టే. ఆయిల్ పట్టిన లైనింగుని పెట్రోలుతో కడిగి మళ్లీ బిగిస్తారు, అది పనికిరాదు. మార్చేటప్పుడు రెండు వైపులా మార్చాలి, లేకపోతే బ్రేకు కొట్టగానే బండి పక్కకి లాగుతుంది. ఛాసిస్ వెంట వెళ్లే సన్నటి ఇనుప బ్రేకు పైపుని క్లిప్పుల దగ్గర ప్రత్యేకంగా చూడు. ఉప్పునీళ్లు అక్కడ నిలుస్తాయి, పైపు బయటికి బాగానే కనిపించి క్లిప్పు కింద తినేసి ఉంటుంది. గోటితో గీకితే పెచ్చులు రాలాయంటే ఆ పైపు మొత్తం మార్చు, మధ్యలో అతుకు వేయనివ్వకు. బ్రేకు ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. బ్రేకు ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఏ గ్రేడు రాసి ఉంటే అదే పొయ్యి. ఒక లీటరు తెచ్చుకో. బ్రేకు పైపుల్లో గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసేది) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మధ్యలో డబ్బా ఖాళీ అయితే పని మళ్లీ మొదటికొస్తుంది.

ఛాసిస్‌ని తినేది లోడు కన్నా ట్రేల నుంచి కారే ఐసు నీళ్లు. బాడీ ఫ్లోరు మూలల్లో కంతలు పెట్టి, అంగుళం పైపులు ఛాసిస్ కన్నా కిందికి దిగేలా వేయించు. నీళ్లు ఇనుము మీద కాకుండా రోడ్డు మీద పడతాయి. ఉన్న ఖర్చుల్లో ఇదే అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా లాభం. ప్రతి లోడు దింపాక కింద మంచినీళ్లతో కడుగు, చెరువు నీళ్లతో కాదు. చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడుగునా కొట్టుకుంటూ వెళ్లు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు పొరలు కట్టిన చోట శబ్దం చచ్చిపోతుంది. కమాన్ల (యాక్సిల్ మీద ఉండే స్ప్రింగు పట్టీల) బ్రాకెట్లు, ఛాసిస్ అడ్డ బద్దీలు కలిసే చోట్లు ముఖ్యం. వైరు బ్రష్‌తో రాకి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, ఆరాక నల్ల పెయింటు వేయించు. చాలామంది పాత ఇంజన్ ఆయిల్ పూస్తారు. అది తుప్పుని కొంత ఆపుతుంది గానీ కమాన్ బుష్‌లని, బ్రేకు హోస్‌లని ఉబ్బించి పాడుచేస్తుంది. వెల్డింగు పడితే ముందు బ్యాటరీ వైర్లు రెండూ తీయించు, లేకపోతే డైనమో డయోడ్లు కాలతాయి.

కమాన్లలో ఒక పట్టీ అదనంగా వేయిస్తే ఎక్కువ లోడు లాగొచ్చని చెబుతారు. బండి లేచి నిలబడుతుంది, అంతే. బ్రేకులూ, యాక్సిలూ, టైర్లూ పాతవే కదా. పైగా ఆర్సీలో రాసిన బరువు మారదు, ఓవర్‌లోడుకి కనీసం 20,000 రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకీ మరో 2,000. విరిగిన పట్టీ ఉంటే అదే మందం, అదే వంపు ఉన్నది వేయించు. పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు కొత్తది పెట్టించు. అది తెగితే యాక్సిల్ పక్కకి జరిగి బండి వంకరగా నడుస్తుంది. 500 కిలోమీటర్లు లోడుతో తిరిగాక కమాన్లని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు మళ్లీ బిగించాలి, పట్టీలు సర్దుకుని వదులవుతాయి.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తున్నారా అని పాత ఓనర్ని అడుగు. మన వైపు ఉప్పు బోర్లతో లోపల గార కడుతుంది. సగం కూలెంటు, సగం డిస్టిల్డ్ వాటర్ పొయ్యి. జాలీని ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో కడగాలి. వాటర్ పంపు కింద చిన్న కంత ఉంటుంది, అక్కడ చుక్కలు పడుతుంటే పంపు మార్చే టైమొచ్చినట్టే. వేడెక్కుతోందని థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీళ్లని రేడియేటర్‌కి వదిలేది) తీసి పారేయమంటారు. ఇంజన్ చల్లగా నడిచి డీజిల్ ఎక్కువ తాగుతుంది, అసలు కారణం మాత్రం అలాగే ఉండిపోతుంది. అనుమానం ఉంటే దాన్ని గిన్నెలో నీళ్లలో వేలాడదీసి కాచు. నీళ్లు మరగకముందే తెరుచుకోకపోతే కొత్తది వెయ్యి.

ఇంజన్ ఆయిల్ 15డబ్ల్యూ40 గ్రేడుది, ఏడెనిమిది వేల కిలోమీటర్లకి ఫిల్టర్‌తో సహా మార్చు. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వారానికోసారి వదులు. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకి, కమాన్ చివర్లలోని షాకిల్ పిన్నులకి పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొత్తది కొట్టు.

క్లచ్ విప్పిన రోజున ప్లేటు ఒక్కటే మార్చి డబ్బు మిగిల్చానని అనుకోకు. ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, ఫ్లైవీల్ మధ్యనున్న పైలట్ బేరింగ్, వెనక క్రాంకు ఆయిల్ సీలు అన్నీ అప్పుడే చూడు. గేర్‌బాక్సు దింపిన కూలి ఒక్కసారే ఇస్తావు. సెకండ్ హ్యాండ్‌వి కొనాలంటే డోర్లు, సీట్లు, అద్దాలు, బంపర్లు, సెల్ఫ్ మోటార్ వరకు విజయవాడ ఆటోనగర్‌లో చూసుకో. బ్రేకు సామాను, హోస్‌లు, బాల్ జాయింట్లు, బెల్టులు మాత్రం కొత్తవే.

హంగులు చేయించాలనిపిస్తే ఒక్కటి చేయించు. పాత బండ్లలో హెడ్‌లైటు కరెంటంతా స్విచ్చిలో నుంచి వెళ్లి దారిలో వోల్టేజీ తగ్గిపోతుంది. డిమ్‌కి ఒకటి, బ్రైట్‌కి ఒకటి 30 ఆంపియర్ల రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చిలు) పెట్టి, బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజుతో 2.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగిస్తే, అదే 60/55 వాట్ల బల్బు తేడాగా వెలుగుతుంది. 100 వాట్ల బల్బులు వేస్తే హోల్డర్లు కరుగుతాయి.

ఎనిమిదేళ్లు దాటింది కాబట్టి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఏటా చేయించాలి. బ్రేకు, టైర్ల పని ఆ తేదీకి నెల ముందు పెట్టుకో, ఒకే ఖర్చుతో రెండూ గట్టెక్కుతాయి. డ్రమ్ములు విప్పిన రోజున వీల్ సిలిండర్ల ఫోటోలు పంపించు, మార్చాలో, కిట్టు (లోపలి రబ్బర్లు) వేస్తే చాలో చూసి చెబుతాను.

ఇట్లు,
మావయ్య