సీప్యాప్ వల్ల గుండెకు లాభం లేదని పరిశోధనలో తేలిందట. అమ్మకు మెషిన్ కొనాలా, వద్దా?

మీరు రాసింది ఇదీ. అమ్మగారికి 54 ఏళ్లు, బీపీ ఉంది, పగలంతా కునికిపాట్లు. రాత్రి నిద్రలో ఊపిరిని కొలిచే స్లీప్ స్టడీలో ఎ.హెచ్.ఐ. (గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, బాగా తగ్గిందో చెప్పే అంకె) 38 వచ్చింది. అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, స్లీప్ ఆప్నియా. దీనికి మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే మెషినే సీప్యాప్. నెల అద్దెకు తెచ్చిన ఆ మెషిన్ మాస్క్‌ను రాత్రి రెండింటికల్లా తీసేస్తున్నారు. మీ అన్నయ్యేమో పెద్ద పరిశోధనలోనే దీనివల్ల గుండెపోట్లు తగ్గలేదు, కొంటే డబ్బు దండగ అంటున్నారు.

నేను డాక్టర్ని కాను, హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఐదేళ్ల క్రితం మీ అమ్మగారి పరిస్థితే నాది. మీ అన్నయ్య చెప్పిన పరిశోధన నిజంగా జరిగింది. కానీ అందులో పాల్గొన్నవాళ్లు రాత్రికి ఎన్ని గంటలు మెషిన్ పెట్టుకున్నారో చూడకుండా మెషిన్ పని చేయదనుకోకూడదు.

ముందు నా సంగతి. మాది చైతన్యపురి. స్కూటీ మీద మలక్‌పేట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కళ్లు మూతలు పడుతుంటే భయమేసి మెట్రోకు మారాను. నాంపల్లిలో దిగాల్సినదాన్ని ఒకే వారంలో రెండుసార్లు పంజాగుట్టలో మెలకువ వచ్చి దిగాను. పొద్దున్నే తలనొప్పి, నోరు పిడచగట్టుకుపోవడం, రాత్రి మూడు నాలుగుసార్లు బాత్రూంకి లేవడం. థైరాయిడ్ అన్నారు, రక్తం తక్కువన్నారు, వయసన్నారు. ఒక డాక్టరైతే నిద్రమాత్రలు రాశారు. ఈ జబ్బులో అవి గొంతు కండరాలను ఇంకా వదులు చేయవచ్చని తర్వాత తెలిసింది. గురక గురించి మాత్రం ఎవరూ అడగలేదు, సిగ్గుపడి నేనూ చెప్పలేదు. ఆడవాళ్లు గురక పెడతారని మన ఇళ్లలో ఒప్పుకోరు కదా. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఉద్యోగాలు చేసే 30 నుంచి 60 ఏళ్ల వాళ్లను పరీక్షించి 1993లో లెక్క చెప్పారు. ఎ.హెచ్.ఐ. 5, అంతకు మించి ఉన్నవాళ్లు నూటికి 24 మంది మగవాళ్లు, 9 మంది ఆడవాళ్లు. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లకు ముప్పు ఇంకా పెరుగుతుంది.

చివరికి మావారు ఒక రాత్రి ఫోన్‌లో వీడియో తీశారు. అందులో గురక ఆగిపోతుంది. ఛాతీ ఎగసి పడుతూనే ఉంటుంది కానీ చప్పుడు లేదు. చాలాసేపటికి నీళ్లలోంచి పైకి తేలినట్టు ఒక్కసారి గుటక వేసి ఊపిరి తీసుకుంటాను. ఆ వీడియో చూసిన ఊపిరితిత్తుల డాక్టర్ వెంటనే స్లీప్ స్టడీ రాశారు.

నాకు ఎ.హెచ్.ఐ. 34. గంటకు సగటున అన్నిసార్లు ఊపిరి ఆగిందని, లేదా బాగా తగ్గిందని అర్థం. ఒక్కోసారీ కనీసం 10 సెకన్లు. 30 దాటితే తీవ్రమైనది కింద లెక్క. రిపోర్టు పట్టుకుని లెక్క కట్టాను: ఆరు గంటల నిద్రలో 204 సార్లు. సగటున రెండు నిమిషాలు కూడా గడవకుండానే ఊపిరికి అడ్డు పడిందన్నమాట.

మెషిన్ తెచ్చుకున్నాక ఆరు వారాలకు డాక్టర్ దగ్గరికి వెళ్లి, రోజూ పెట్టుకుంటున్నా ఏమీ తేడా లేదని చెప్పాను. ఆయన మెషిన్‌లోని కార్డు తీసి కంప్యూటర్‌లో చూపించారు. సగటు 2 గంటల 10 నిమిషాలు. పెట్టుకుంటున్న మాట నిజమే. నిద్రలో తీసి పక్కన పడేస్తున్నానని నాకే తెలియదు.

ఇప్పుడు మీ అన్నయ్య చెప్పిన పరిశోధనకు వద్దాం. బహుశా 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన సేవ్ ట్రయల్ అయి ఉంటుంది. మన దేశంతో సహా 7 దేశాల్లో 2,717 మంది. అందరికీ అప్పటికే గుండె జబ్బో, మెదడు రక్తనాళాల జబ్బో ఉంది. సగం మందికి మామూలు మందులతో పాటు సీప్యాప్ ఇచ్చారు, మిగతా సగానికి మందులే. సగటున 3.7 ఏళ్లు గమనిస్తే గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాల్లో తేడా కనిపించలేదు. ఇంతవరకు మీ అన్నయ్య మాటే సరి.

కానీ ఆ సీప్యాప్ వాళ్లు మెషిన్ పెట్టుకున్నది రాత్రికి సగటున 3.3 గంటలు. మిగతా రాత్రంతా జబ్బు జబ్బుగానే ఉంది. పైగా కలలొచ్చే నిద్ర, రెమ్ అంటారు, ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది. అప్పుడు గొంతు కండరాలు బాగా సడలిపోయి, చాలామందికి ఊపిరి ఎక్కువసేపు ఆగుతుంది, ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. ఆడవాళ్లలో ఊపిరి ఇలా ఆ నిద్రలోనే పదేపదే ఆగడం ఎక్కువ. రెండింటికి మాస్క్ తీసేస్తే సరిగ్గా ఆ గండం సమయంలోనే రక్షణ లేనట్టు.

ఇంకొకటి, ఇది మీ అమ్మగారికి బాగా ముఖ్యం. పగలు విపరీతంగా నిద్ర వచ్చేవాళ్లను ఆ పరిశోధనలో అసలు చేర్చుకోలేదు. కునికిపాట్లు పడే మనిషిని ఏళ్ల తరబడి వైద్యం లేకుండా వదిలేయడం న్యాయం కాదని. కాబట్టి దాని ఫలితాన్ని తెచ్చి మీ అమ్మగారికి అంటగట్టలేం. అదే పరిశోధనలో సీప్యాప్ వాడినవాళ్లకు గురక, పగటి నిద్ర తగ్గాయి, మనసు కుదుటపడింది, ఒంట్లో బాగాలేక పెట్టే సెలవులు తగ్గాయి. ఈ సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

తర్వాత 2023లో అలాంటి మూడు ట్రయల్స్‌లోని 4,186 మంది వివరాలు కలిపి చూశారు. రాత్రికి 4 గంటలు, ఆపైన వాడినవాళ్లలో మళ్లీ గుండెపోటో పక్షవాతమో రావడం తక్కువగా ఉంది. శ్రద్ధగా మాస్క్ పెట్టుకునేవాళ్లు మాత్రలు కూడా శ్రద్ధగా వేసుకుంటారు కాబట్టి, ఇది ఖాయమైన రుజువు అనను. గుండెకు గ్యారంటీ అని ఎవరైనా అమ్మితే నమ్మకండి. బీపీ కూడా సగటున రెండు మూడు పాయింట్లే తగ్గుతుంది, మాత్రలు ఆపేయొద్దు.

ఇదంతా కంపెనీల వ్యాపారమని కొందరు అంటారు, దానికి ఒక్క సంగతి. ఈ పద్ధతిని 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించింది సిడ్నీలోని కోలిన్ సలివన్ అనే డాక్టర్, 5 గురు రోగుల మీద పరీక్షించి. మొదట్లో మాస్క్‌ను రోజూ రాత్రి ముక్కుకు జిగురుతో అంటించేవారట. అంత అవస్థ పడి కూడా వాడుకున్నారంటే వాళ్లకు దక్కిన నిద్ర ఎలాంటిదో నాకు అర్థమవుతుంది.

మీరు చేయాల్సింది కొనాలా వద్దా అని తేల్చడం కాదు, ముందు అమ్మగారు మాస్క్ ఎందుకు తీసేస్తున్నారో కనుక్కోవడం. నా విషయంలో అది ముక్కుపుడక. ముక్కు, నోరు రెండూ కప్పే పెద్ద మాస్క్ ఇచ్చి పంపారు. అంచు సరిగ్గా పుడక మీద కూర్చునేది, ఆ సందులోంచి గాలి స్స్‌మంటూ కంట్లోకి కొట్టేది. మాస్క్ అమర్చిన అబ్బాయి మొహమాటపడి అడగలేదు, నాకూ తోచలేదు. పెళ్లప్పటి రాళ్ల పుడక తీయడానికి మనసొప్పలేదు కానీ, చివరికి కొత్తపేటలో కంసాలి దగ్గర చిన్న బిళ్ల పుడక చేయించుకుని, ముక్కు మాత్రమే కప్పే చిన్న మాస్క్‌కు మారాను. ఆ వారమే సగటు నాలుగున్నర గంటలు దాటింది. మీ అమ్మగారికి పుడక ఉంటే ముందు అదే చూడండి.

ముక్కు దిబ్బడ ఉంటే ఇ.ఎన్.టి. డాక్టర్‌కు చూపించండి, మూసుకుపోయిన ముక్కుతో ఎవరూ భరించలేరు. గొంతు ఎండిపోతుంటే గాలికి తేమ కలిపే హ్యూమిడిఫైయర్ పెంచమనండి, అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. గాలి మెల్లగా మొదలై పెరిగే సెట్టింగ్ ఉంటుంది, పెట్టించండి. సాయంత్రం టీవీ చూస్తూ ఇరవై నిమిషాలు మాస్క్‌తో కూర్చోమనండి, మెలకువగా అలవాటైతే నిద్రలో చెయ్యి దానంతటది పైకి వెళ్లదు. నాకు పది రోజులు పట్టింది. రాత్రి తీసేసినా తిట్టకండి, బాత్రూంకి లేచినప్పుడు మళ్లీ పెట్టండి.

బరువు గురించి కూడా అడిగారు. పది శాతం బరువు తగ్గితే ఎ.హెచ్.ఐ. దాదాపు పావు వంతు తగ్గుతుందని అదే విస్కాన్సిన్ వాళ్లు 2000లో చెప్పారు. బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌తో ఏడాదిలో ఎ.హెచ్.ఐ. 25 నుంచి 29 దాకా తగ్గిందని 2024లో వచ్చిన మాట నిజమే, కానీ అందులో చేరినవాళ్ల సగటు బి.ఎం.ఐ. (ఎత్తును బట్టి బరువు లెక్క) 39 దగ్గర ఉంది, అంటే బాగా ఊబకాయం. నాదేమో బరువు సమస్య కాదు: 61 కిలోలే, గడ్డం చిన్నది, నాలుక వెనక చోటు తక్కువ. అమ్మగారి ఒళ్లు ఎలాంటిదో డాక్టరే చూసి చెప్పాలి.

అద్దె మెషిన్ ఇంకో రెండు నెలలు ఉంచండి. వచ్చే విజిట్‌కు కార్డు తీసుకెళ్లి మూడు అంకెలు అడగండి: రాత్రికి ఎన్ని గంటలు, గాలి ఎంత లీకవుతోంది, మెషిన్ మీద ఉన్నప్పుడు ఎ.హెచ్.ఐ. ఎంత. గంటలు ఐదు దాటి, ఎ.హెచ్.ఐ. 5 లోపలికి వచ్చి, అప్పటికీ అమ్మగారు పగలు కునుకుతుంటే, అప్పుడు మీ అన్నయ్యతో కూర్చుని మాట్లాడొచ్చు. ఈలోగా మెషిన్ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్‌లో ఉందో లేదో చూడండి. వేసవిలో మా వైపు అర్ధరాత్రి కరెంటు పోయి, మాస్క్‌లో గాలి ఆగి ఉక్కిరిబిక్కిరై లేచాను. ఆ భయానికి నాలుగు రోజులు దాన్ని ముట్టుకోలేదు.