ముందు వార్డు మెంబర్, తర్వాతే సర్పంచ్

"22 ఏళ్లు, డిగ్రీ అయిపోయింది, ఊళ్లోనే ఉంటున్నా. వెనక పార్టీ లేదు, డబ్బు లేదు. సర్పంచ్‌గా నిలబడాలని ఉంది, మాలాంటి వాళ్లకు ఛాన్స్ ఉంటుందా?" అని అడిగావు. ఉంటుంది తమ్ముడూ. కాకపోతే నా మాట వింటే మొదటిసారి సర్పంచ్‌గా వద్దు, వార్డు మెంబర్‌గా నిలబడు. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగే, ఓపిక చేసుకుని చదువు.

నేను 2019 జనవరి ఎన్నికల్లో వార్డు మెంబర్‌గా గెలిచాను. ఉత్తర తెలంగాణలో చిన్న పంచాయతీ మాది. అప్పటికి నాకు పాతికేళ్లు కూడా లేవు. నిలబడాలన్న ఆలోచన అసలు నాది కాదు, మా నాన్నది. ఆయన ఎప్పట్నుంచో పోటీ చేద్దామని చూస్తుంటే ఆ వార్డు కాస్తా మహిళలకు రిజర్వ్ అయింది, దాంతో "నువ్వు నామినేషన్ వెయ్యమ్మా, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. సగం సీట్లు ఆడవాళ్లవే కాబట్టి ఇలా తండ్రి కోసమో, మొగుడి కోసమో నామినేషన్ వేసినవాళ్లు ప్రతి ఊళ్లో దొరుకుతారు. మొదటి మీటింగ్‌కి నాన్న కూడా తయారై బయల్దేరాడు. నువ్వొస్తే నేను రాను, నేనొస్తే నువ్వు రావద్దు అని గుమ్మం దగ్గరే తేల్చేశాను. రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత ఆయనే "మీటింగ్‌లో ఏమైంది" అని అడగడం మొదలుపెట్టాడు.

రూల్స్ సంగతి తొందరగా చెప్పేస్తా. 21 నిండితే చాలు, రాజ్యాంగంలోనే ఉంది (ఎమ్మెల్యేకైతే 25). నీ పేరు ఊరి ఓటరు జాబితాలో ఉండాలి. నిన్ను ప్రతిపాదించే మనిషి ఆ వార్డు ఓటరై ఉండాలి. వార్డు మెంబర్‌కి డిపాజిట్ 500, ఎస్సీ, ఎస్టీ, బీసీలైతే అందులో సగం. పార్టీ గుర్తులుండవు, "ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థి" అని మాత్రం అందరూ చెప్పుకుంటారు. నామినేషన్ల ముందు వారం పంచాయతీ ఆఫీసుకి వెళ్లి చూడు, ఏళ్ల తరబడి ఇంటిపన్ను కట్టనివాళ్లంతా బాకీలు తీర్చేస్తూ కనబడతారు. ఎవరెవరు నిలబడబోతున్నారో అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు డబ్బు విషయం. అయిదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి లక్షన్నర కంటే ఎక్కువ ఖర్చు పెట్టకూడదని నిబంధన. అది కాగితం మీద. నిజంగా ఎంత అవుతుందో మీ ఊళ్లో ఓడిపోయిన వాళ్లను అడుగు, గెలిచినవాళ్లు చెప్పరు. కొన్నిచోట్ల పోటీ లేకుండా వేలం పాట పెట్టి పదవి అమ్ముతారు, దానికి ఏకగ్రీవం అని పేరు. వార్డు దగ్గర ఆట వేరు. మా వార్డులో రెండు వందల ఓట్లు కూడా లేవు. ప్రతి ఇంటికీ నాలుగుసార్లు పోవచ్చు, కూర్చుని మాట్లాడొచ్చు, ఎవరింటి ముందు నీళ్లు నిలుస్తున్నాయో, ఎవరికి పింఛన్ ఆగిపోయిందో నీకు తెలుసని వాళ్లకు తెలిస్తే డబ్బు పంచినవాడి మీద కూడా గెలవొచ్చు. డబ్బు అస్సలు పనిచేయదని చెప్పను, మందు, చీరలు వార్డు దాకా కూడా వస్తాయి. కానీ నీలాంటివాడు తట్టుకోగలిగిన స్థాయి అది ఒక్కటే.

అసలు కారణం వేరే ఉంది. ఊళ్లో వినాయకుడి మండపం ఎవరు వేస్తారు? కుర్రాళ్లు. క్రికెట్ టోర్నమెంట్, రక్తదానం, కరోనా టైంలో బ్లీచింగ్ చల్లడం, ఎన్నికలప్పుడు జెండాలు, ఫ్లెక్సీలు? అన్నీ కుర్రాళ్లే. కానీ తీర్మానం రాసే గదిలో మాత్రం ఒక్కడు కూడా ఉండడు. పంచాయతీ అంటే ఆ గదే తమ్ముడూ. ఏ పని చేయాలి, ఏ పద్దు నుంచి డబ్బు తియ్యాలి అన్నది తీర్మానం పుస్తకంలో ఎక్కితేనే కదులుతుంది. తర్వాత ఏఈ (ఇంజనీరు) వచ్చి ఎస్టిమేట్ వెయ్యాలి, పనయ్యాక ఎంబీ (కొలతల పుస్తకం) రికార్డు చెయ్యాలి, చెక్కు ట్రెజరీకి పోవాలి, అక్కడ పాస్ అవ్వాలి. సర్పంచ్ ఒక్కడే చెక్కు మీద సంతకం పెట్టలేడు, తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఉపసర్పంచ్ కూడా పెట్టాలి. అందుకే ఎన్నికల రోజు మధ్యాహ్నం రెండు గంటలకు లెక్కింపు మొదలై సాయంత్రానికి ఫలితం రాగానే ఊళ్లో అసలు సందడి ఉపసర్పంచ్ కోసం మొదలవుతుంది, ఎందుకంటే అతన్ని ఎన్నుకునేది వార్డు మెంబర్లే. ఆ పూట నీకొచ్చే మర్యాద మళ్లీ ఐదేళ్లలో రాదు! మాలో వయసులో చిన్నవాళ్లం ఇద్దరం ఉండేవాళ్లం. మా ఓటుకి బదులుగా మేం ఒకటే అడిగాం, ప్రతి నెలా మీటింగ్‌లో కిందటి నెల రాసినవన్నీ గట్టిగా చదివి వినిపించాలి అని. ఇదేం కోరికరా అని అందరూ నవ్వారు. సరేనన్నారు.

ఆ చదివి వినిపించడం మొదటి కొన్ని నెలలు జరిగింది, తర్వాత మెల్లగా ఆగిపోయింది. దాని బదులు పుస్తకమే మా ఇంటికి రావడం మొదలైంది. "మేడం, ఇక్కడ ఒక సంతకం." పైన పేజీ సగం ఖాళీగా ఉండేది. నువ్వు గెలిస్తే నీ దగ్గరకీ వస్తుంది, రాసిపెట్టుకో. ఖాళీ పేజీ మీద సంతకం పెట్టనని నేనన్నప్పుడు పెద్ద గొడవేం జరగలేదు, కేకలు లేవు, బెదిరింపులు లేవు. "అందరూ పెట్టారు కదమ్మా" అన్నారు, అంతే. ఆ మాటకి ఎదురు చెప్పడం తిట్టినవాడికి ఎదురు చెప్పడం కంటే కష్టం, ఎందుకంటే ఆ అందరిలో మన చిన్నాయన, మన పక్కింటి అత్త ఉంటారు. నేను ఆఫీసుకే వెళ్లి, రాసింది చదివి, ఖాళీ ఉన్నచోట అడ్డగీత కొట్టి అప్పుడు పెట్టేదాన్ని. రెండో కుర్ర మెంబర్ కూడా అలాగే చేశాడు. ఒక్కరే అయితే మొండిమనిషి అంటారు, ఇద్దరైతే పద్ధతి అంటారు. అందుకే ఒంటరిగా నిలబడకు, వేరే వార్డులో నీలాంటివాడిని ఇంకొకడిని నిలబెట్టు.

మా వార్డులో అంగన్‌వాడీ ముందు మురుగు నిలిచేది, మోరీ కావాలని మొదటి నెల నుంచి అడుగుతూనే ఉన్నా. ప్రతిసారీ ఒకటే జవాబు, "ఫండ్స్ లేవు". తర్వాత తెలిసిందేంటంటే, 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో (కేంద్రం పంచాయతీలకు ఇచ్చిన డబ్బు) 2021-22 నుంచి 2025-26 దాకా 60 శాతం పారిశుధ్యానికీ తాగునీటికీ మాత్రమే వాడాలని, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చని ఉండేది. అంటే మా ఊరికొచ్చిన డబ్బులో సగానికి పైగా సీసీ రోడ్డుకి పెట్టడానికి వీల్లేదు, మోరీకి పెట్టొచ్చు. ఇది నాకు చెప్పింది ఎవరో పెద్దమనిషి కాదు, మా పంచాయతీ సెక్రటరీ. అతనిది నా వయసే. 2018లో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు పరీక్ష పెట్టి తీసుకున్నారు కదా, ఆ బ్యాచ్. మొదట్లో నెలకు పదిహేను వేల జీతానికి నర్సరీ, ట్రాక్టర్, డంపింగ్ యార్డు, పన్ను వసూలు, పొద్దున్నే ఫొటో అప్‌లోడ్ అన్నీ వాళ్ల నెత్తిమీదే. రెగ్యులర్ చేయమని 2023లో సమ్మె కూడా చేశారు. ఊరి పాలనలో యువత లేరు అనేవాళ్లకి వీళ్లు ఎందుకో కనబడరు. నువ్వు గెలిచినా గెలవకపోయినా మీ సెక్రటరీతో స్నేహంగా ఉండు, అతను మంచివాడైతే సగం చదువు అక్కడే వస్తుంది. మోరీ చివరికి కట్టారు. నేను అడిగిన చోటు నుంచి కాదు, ఇంకొంచెం కింద నుంచి, ఎందుకంటే పైన ఒకాయన గోడ రోడ్డు మీదికి వచ్చి ఉంది, దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సర్పంచ్ ఎందుకు వద్దన్నానో దీనితో ఇంకోటి కలుపుకో. పనులు ముందు చేయించి తర్వాత బిల్లు పెట్టుకోవాలి. పోయిన టర్మ్‌లో ఎంతమంది సర్పంచ్‌లు అప్పు తెచ్చి పనులు చేయించి, బిల్లులు రాక మిత్తీలు కట్టుకున్నారో పేపర్లలో చదివే ఉంటావు. పదవి పోయాక కూడా ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లున్నారు. ఆస్తి ఉన్నోడు తట్టుకుంటాడు. 22 ఏళ్లకి నీ పేరు మీద అప్పు పడితే ఆ తర్వాత బతుకంతా దాని చుట్టూనే. ఐదేళ్లు మెంబర్‌గా ఉంటే ఏ పని ఎవరు చేస్తే బిల్లు వస్తుంది, దేనికి రాదు అన్నది కళ్లారా చూస్తావు, అప్పుడు సర్పంచ్‌కి వెళ్లు, నేనే వచ్చి ప్రచారం చేస్తా.

ఎన్నికలు 2025 డిసెంబర్‌లో అయిపోయాయి కదా, ఇప్పుడు ఐదేళ్లు ఏం చేయాలి అంటావేమో. 18 నిండిన రోజు నుంచి, ఓటు ఉంటే, నువ్వు గ్రామసభ సభ్యుడివి. ఇది చాలామంది కుర్రాళ్లకు తెలీదు. తెలంగాణలో రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని చట్టంలో ఉంది. జరిగేది ఎలాగంటే డప్పు చాటింపు వేస్తారు, పదిమంది వస్తారు, సంతకాలయ్యాక టీ తాగి వెళ్లిపోతారు. అదే 2025 జనవరిలో రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల జాబితాలు చదివితే ఊరూరా జనం విరగబడ్డారు, కొన్నిచోట్ల కొట్లాట దాకా వెళ్లింది. జాబితాలో మన పేరుంటే వెళ్తాం, లెక్కలైతే వెళ్లం. నువ్వు లెక్కల సభకి వెళ్లు, నోట్‌బుక్ పట్టుకుని వెళ్లు. ఈగ్రామ్‌స్వరాజ్ సైట్‌లో, మేరీ పంచాయత్ యాప్‌లో మీ పంచాయతీకి ఎంత వచ్చింది, ఏ పనికి ఎంత చూపించారు అన్నది లాగిన్ కూడా లేకుండా కనిపిస్తుంది. ఆ పని ఊళ్లో నిజంగా ఉందా లేదా అన్నది నీ సైకిల్ మీద పోయి చూసుకోవచ్చు. తేడా ఉంటే అక్కడికక్కడ అరవకు, సమాచార హక్కు దరఖాస్తు పెట్టు, మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసులో దానికి ఫీజు కూడా లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

గెలవకుండానే కూర్చోగలిగిన కుర్చీలు కూడా ఉన్నాయి. 2018 చట్టం కింద ప్రతి పంచాయతీలో పారిశుధ్యం, వీధిదీపాలు, మొక్కలు, పనులు ఇలా నాలుగు స్టాండింగ్ కమిటీలు ఉండాలి, అందులో సభ్యులు ఊరివాళ్లే. మా ఊళ్లో వీధిదీపాల కమిటీలో ఉన్న ఒక ఐటీఐ కుర్రాడు పగలంతా వెలుగుతున్న లైట్ల లెక్క తీసి స్విచ్‌లు పెట్టించాడు, కరెంటు బిల్లు తగ్గింది, వాడి పేరు ఇప్పుడు ఊరందరికీ తెలుసు. వరంగల్ జిల్లా గంగదేవిపల్లికి అంత పేరు రావడానికి కారణం కూడా ఇలాంటి కమిటీలే, అక్కడ తాగునీళ్ల దగ్గర్నుంచి ప్రతిదానికీ ఊరివాళ్లే కమిటీ వేసుకుని నడిపించారు. ఉపాధి హామీ సామాజిక తనిఖీకి కూలీ కుటుంబాల్లో చదువుకున్న పిల్లలనే తీసుకుని శిక్షణ ఇచ్చేవాళ్లు. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), ఎంబీలు చదవడం అలా నేర్చుకున్నవాళ్లు మా మండలంలో ఇద్దరు తర్వాత వార్డు మెంబర్లయ్యారు.

కేరళలో ఆర్య రాజేంద్రన్ 2020లో 21 ఏళ్లకే తిరువనంతపురం మేయరైందని అందరూ ఉదాహరణ చెప్తారు, నువ్వు కూడా ప్రశ్నలో రాశావు. ఆమె పోటీ చేసే నాటికే బాలసంఘం (సీపీఎం వాళ్ల పిల్లల సంఘం) రాష్ట్ర అధ్యక్షురాలు. చిన్నప్పట్నుంచి సంఘం పనులకు అలవాటుపడ్డ పిల్ల, వెనక పార్టీ కూడా ఉంది. నీకు పార్టీ లేదన్నావు కాబట్టి ఆ అలవాటు గ్రామసభలో, కమిటీలో నువ్వే చేసుకోవాలి.

చివరిగా ఇంట్లోవాళ్లు ఒప్పుకోవట్లేదన్నావు. వాళ్ల భయం తప్పేం కాదు. వార్డు మెంబర్‌కి జీతం లేదు, కాబట్టి ఏదో ఒక సంపాదన చేతిలో పెట్టుకుని దిగు. నేను ట్యూషన్లు చెప్పేదాన్ని. ఊరి మీద ఆధారపడని పని అయితే ఇంకా మంచిది, లేకపోతే నువ్వు ప్రశ్నించిన మర్నాడే నీ కొట్టుకి వచ్చేవాళ్లు తగ్గుతారు. మీ అక్కాచెల్లెళ్లలో ఎవరికైనా ఆసక్తి ఉంటే నీకంటే ముందు వాళ్లనే నిలబెట్టమని కూడా చెప్పేదాన్ని, కానీ ఆడపిల్లలకు ఒక చిక్కుంది, పెళ్లయితే ఓటు వేరే ఊరికి పోతుంది, నాకూ అదే అయింది. ఇప్పుడు అత్తగారి ఊళ్లో ఉన్నా, ఇక్కడ నన్ను ఫలానావాళ్ల కోడలు అని తప్ప ఎవరూ ఎరగరు. పోయిన గ్రామసభలో ట్రాక్టర్ డీజిల్ ఖర్చు ఎంత రాశారని అడిగాను. ఇంకా చెప్పలేదు, వచ్చే సభలో మళ్లీ అడుగుతా.