ఇంటర్నెట్ వస్తోంది, ప్రింటరే దొరకడం లేదు

ప్రశ్న: మేడ మీదకు సిగ్నల్ అందడం లేదని రెండో వైఫై రౌటర్ కొని, కింది రౌటర్ నుంచి కేబుల్ లాగాం. పైన ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ బాగానే వస్తోంది. కింద ఉన్న వైఫై ప్రింటర్ మాత్రం కనిపించడం లేదు. ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ 192.168.1.35, ప్రింటర్‌ది 192.168.0.20. రెండింటి సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. ల్యాప్‌టాప్‌లో దాన్ని 255.255.0.0 చేస్తే చాలని ఒక మిత్రుడు చెప్పారు. మార్చమంటారా?

జవాబు: వద్దు. ప్రింటర్‌కు దారి ఇప్పుడు సగమే చెడింది, మారిస్తే పూర్తిగా చెడుతుంది.

ఏదైనా పంపే ముందు ల్యాప్‌టాప్ చూసుకునేది ఒక్కటే: అవతలి పరికరం నా నెట్‌వర్క్‌లోదేనా? ఎన్ని సంఖ్యలు కలవాలో మాస్క్ చెబుతుంది. మీ మాస్క్‌లో 255 మూడుసార్లు ఉంది కాబట్టి అడ్రస్‌లో మొదటి మూడు సంఖ్యలూ కలవాలి. కలిస్తే ‘ఈ అడ్రస్ ఎవరిది?’ అని అందరికీ వినబడేలా కేక వేస్తుంది. దాని తాలూకు పరికరం తన మ్యాక్ అడ్రస్‌తో (పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్య) బదులిస్తుంది, సమాచారం నేరుగా దానికే వెళుతుంది. కలవకపోతే గేట్‌వేకు, అంటే మీ పై రౌటర్‌కు, అప్పగించేస్తుంది.

మీ మూడో సంఖ్య ఒకచోట 1, మరోచోట 0. కాబట్టి ప్రింటర్‌కు పంపేది పై రౌటర్ మీదుగా కిందికి చేరాలి. ఆ దారి ఉంది కూడా! చిక్కల్లా వెతుకులాటతోనే. ప్రింటర్‌ను వెతికే సందేశమూ కేక లాంటిదే, అది రౌటర్ గడప దాటదు. ప్రింటర్‌ను చేర్చేటప్పుడు దాని ఐపీ అడ్రస్ మీరే టైపు చేసి చూడండి, చాలావరకు పనిచేస్తుంది.

మిత్రుడి సలహా పాటిస్తే రెండు సంఖ్యలు కలిస్తే చాలు. 192.168 కలుస్తుంది కనుక ప్రింటర్ పక్కనే ఉందనుకుని ల్యాప్‌టాప్ పైఅంతస్తులోనే కేకలు వేస్తుంది. పలికే నాథుడు ఉండడు. గేట్‌వేను అడగనే అడగదు, ఉన్న దారీ పోతుంది.

అసలు మందు పై రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి, అంటే సొంత నెట్‌వర్క్ పెట్టకుండా కింది నెట్‌వర్క్‌నే పైకి అందించే పద్ధతిలోకి, మార్చడం. అప్పుడు అందరికీ అడ్రస్‌లు ఇచ్చేది కింది రౌటరే. ఆ మోడ్ లేకపోతే ముందు కేబుల్ తీసేయండి. పై రౌటర్ అడ్రస్‌ను 192.168.0.2 లాంటి, కింద ఎవరూ వాడని అడ్రస్‌కు మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రస్‌లు ఇచ్చే ఏర్పాటు) ఆపేయండి. తర్వాత కేబుల్‌ను పై రౌటర్‌లో వ్యాన్ పోర్టులో (బయటి ఇంటర్నెట్ కోసం ఉండేది) కాకుండా ల్యాన్ పోర్టులో (ఇంట్లోని పరికరాల కోసం ఉండేది) పెట్టండి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

ల్యాప్‌టాప్ వైఫై ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. అడ్రస్ 192.168.0తో మొదలైతే పని అయినట్లే. 169.254తో మొదలైతే అడ్రస్ ఇచ్చేవారే దానికి దొరకలేదని అర్థం, కేబుల్ ఏ పోర్టులో ఉందో మళ్లీ చూడండి.