విరిగిన పాలలో దొరికిన వ్యాపారం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: డిగ్రీ అయింది, చేతిలో నాలుగు లక్షలు ఉన్నాయి, తిరుపతిలోనే సొంతంగా ఏదైనా చేయాలని ఉంది. కానీ ఇంతవరకు ఎవరికీ తట్టని ఆలోచన ఎక్కడి నుంచి తేవాలి, అవకాశాన్ని ఎలా గుర్తుపట్టాలి? కొండ మీద ప్లాస్టిక్ నిషేధం ఉంది కాబట్టి బట్ట సంచుల యూనిట్ పెడితే ఎలా ఉంటుందని కూడా అడిగారు. సంచుల సంగతి చివర్లో చెబుతాను. ముందు నా అనుభవం చెప్పాలి. 2018లో నేనూ ఇదే ప్రశ్నతో ఉన్నాను, తప్పు జవాబుతో మొదలుపెట్టాను.

మాది పెనుమూరు దగ్గర పల్లె. నాన్న చెరకు వేసి, సొంత గానుగలో ఆడించి, బెల్లం వండి చిత్తూరు మండీకి తోలేవారు. టన్ను చెరకుకు కాస్త అటూఇటూగా వంద కిలోల బెల్లం దిగుతుంది. ధర మాత్రం మండీలో ఆ రోజు ఎంత పలికితే అంత. నేను ఎస్వీ యూనివర్సిటీలో ఎం.కాం. చదువుతున్నంత కాలం నాకు ఒకటే పట్టుదల: మా బెల్లాన్ని మా పేరుతో మేమే అమ్ముకోవాలి. చదువు అయ్యాక అరకిలో అట్టపెట్టెలు చేయించాను. పైన ఏడుకొండల బొమ్మ, లోపల చిన్న చిన్న అచ్చులు. తిరుపతిలో పద్నాలుగు దుకాణాలకు వేశాను. నాన్న ఇచ్చిందీ, నేను ట్యూషన్లు చెప్పి దాచుకున్నదీ కలిపి లక్షా ఎనభై వేలు అందులో పెట్టాను.

అక్టోబరు వచ్చింది. మన ప్రాంతానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతోనే కదా. బెల్లం చెమర్చింది, పెట్టెలు మెత్తబడి అడుగున నల్లటి మరకలు పడ్డాయి. దుకాణాల వాళ్ళు ఒక్కొక్కరుగా వెనక్కి ఇచ్చేశారు. వానను తిట్టుకున్నాను గానీ అసలు కారణం వాన కాదని తరువాత అర్థమైంది. ఆ పెట్టె కావాలని నన్ను ఎవరూ అడగలేదు. విడి బెల్లం కొనుక్కునేవారికి దానితో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా నాది, మా నాన్నది. మా కష్టం తీరడానికి ఇతరులు ఎక్కువ డబ్బు ఇవ్వాలని నేను ఆశపడ్డాను.

మిగిలిన సరుకును రేణిగుంట రోడ్డులో ఒక టీ కొట్టు ఆయనకు తూకం మీద చవకగా ఇచ్చేశాను. బెల్లం టీకి అప్పటికే మంచి గిరాకీ ఉంది. మరునాడు తెల్లవారుజామున డబ్బులకు వెళ్ళాను. నా వ్యాపారం నిజంగా మొదలైంది ఆ ఉదయమే.

ఆయన భార్య కొట్టు వెనక కూర్చుని నా అచ్చులను రోకలితో చితకగొడుతున్నారు. ఆ పొడిని నీళ్ళలో కరిగించి, కాచి, పాత పంచె ముక్కలో వడగడుతున్నారు. గుడ్డలో చెరకు పిప్పి నలకలు, ఇసుక, రెండు చచ్చిన చీమలు మిగిలాయి. అది మా ఇంట్లో వండిన బెల్లం. సిగ్గుతో తల దించుకున్నాను. ఆ పాకాన్ని స్టీలు క్యానులో పోసి ముందుకు తెచ్చారు. ఆయన మరుగుతున్న పాలలో గరిటెడు పాకం పోశారు, రెండు నిమిషాల్లో పాలు తరకలు తరకలుగా విరిగిపోయాయి. గిన్నె దించి కాలువలో కుమ్మరించి, "అమ్మా, వారానికి రెండు మూడు సార్లు ఇది మామూలే" అన్నారు. నాలుగు లీటర్ల పాలు. ఆయన ముఖంలో కోపం కూడా లేదు, అలవాటైపోయింది.

మీ ప్రశ్నకు నా జవాబు ఆ అలవాటులోనే ఉంది. అవకాశం కోసం వెతికేటప్పుడు మనం ఫిర్యాదుల కోసం చెవులు రిక్కించుకుంటాం. కానీ మనుషులు ఫిర్యాదు చేయడం మానేసి సర్దుకుపోయిన చోటే అసలు సరుకు ఉంటుంది. రోజూ గంటసేపు దంచడం, గుడ్డలో వడకట్టడం, వారానికి ఇన్ని లీటర్లు పారబోయడం, ఇవన్నీ వాళ్ళు ఇప్పటికే పెడుతున్న ఖర్చులు, పుస్తకంలో రాసుకోరు అంతే. ఆ ఖర్చు మీకు కనిపిస్తే మీ వస్తువుకు ధర కూడా కనిపించినట్టే.

ఆ తరువాత పదకొండు ఉదయాలు చిన్న నోటు పుస్తకం పట్టుకుని తొమ్మిది టీ కొట్ల దగ్గర నిలబడ్డాను. లీలామహల్ సర్కిల్, బస్టాండు చుట్టుపక్కల, అలిపిరి దారి. అమ్మడానికి వెళ్ళలేదు, టీ తాగి చూశాను. తొమ్మిదిలో మూడు కొట్లు పాలు విరుగుతున్నాయని బెల్లం మానేసి చక్కెరకు మళ్ళాయి. బోర్డు మీద మాత్రం "బెల్లం టీ" అలాగే ఉంది. ఇద్దరు పాలలో చిటికెడు వంటసోడా వేస్తున్నారు. ఒకాయన సగం చక్కెర, సగం బెల్లం కలుపుతున్నారు. ఒకే తిప్పలకు ఇన్ని రకాల అతుకులు వేస్తున్నారంటే, దానికి సరైన మందు ఇంకా ఎవరూ ఇవ్వలేదని అర్థం. ఎవరికీ రాని ఆలోచన అంటూ నాకేమీ రాలేదు. పొడి బెల్లం నాకంటే ముందు ఎందరో అమ్ముతున్నారు. టీ గిన్నె దగ్గర నిలబడి చూసి చేసినవారు నాకు కనపడలేదు, అంతే.

ఇక, దంచే పని లేకుండా, పాలు విరగకుండా ఉండే పొడి బెల్లం చేయడం. ఇక్కడ నాన్న లేకపోతే నేను లేను. పాలు విరగడానికి ముఖ్య కారణం బెల్లంలోని పులుపు, లవణాలు. చెరకు రసానికి సహజంగానే కొంచెం ఆమ్లగుణం ఉంటుంది. అందుకే వండేటప్పుడు సున్నపు తేట వేస్తారు. మా ఇంట్లో అది చేతి అంచనా మీదే జరిగేది. నేను పులుపు ఎంతో రంగు మారి చూపే పీహెచ్ కాగితాలు కొని ప్రతి పెనానికీ చూసి వేయడం మొదలుపెట్టాను. మడ్డి తీయడానికి బెండ మొక్కల జిగురు మా తాతల నాటి పద్ధతి, దాన్ని అలాగే ఉంచుకున్నాం. తెల్లగా కనిపించడానికి వేసే హైడ్రోస్ అనే రసాయనం పూర్తిగా మానేశాం. రంగు ముదిరింది. నాన్నకు అది మింగుడుపడలేదు, మండీలో ముదురు రంగు బెల్లానికి ధర తక్కువ మరి. టీలో రంగు ఎవరు చూస్తారు నాన్నా అని ఒప్పించాను.

పొడి కావాలంటే అచ్చు బెల్లం కంటే పాకం ఇంకాస్త ముదరాలి. మేము దాదాపు 120 డిగ్రీల దగ్గర దించి, ఆరేదాకా కలుపుతూ ఇసుకలా విడిపోయేట్టు చేస్తాం. నాన్న చల్లటి నీళ్ళలో పాకం చుక్క వేసి ఉండ కట్టే తీరు చూసి చెప్పేవారు. థర్మామీటర్ పెట్టి చూస్తే ఆయన లెక్క రెండు డిగ్రీలకు మించి తప్పలేదు. అయినా మొదటి మూడు వంటలు సంచిలోనే రాయిలా గడ్డకట్టాయి. నెల రోజులు తల పట్టుకున్నాక తేలింది, తప్పు పొయ్యి దగ్గర లేదు, పొలం దగ్గర ఉంది. కూలీలు దొరక్క కొట్టిన చెరకును రెండు రోజులు పడేసి ఆ తరువాత ఆడించాం. కోసిన చెరకు నిలవ ఉంటే అందులోని చక్కెర విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారుతుంది. ఆ బెల్లం పలుకు కట్టదు, తేమ పీల్చి జిగటగా మారుతుంది. అప్పటి నుంచి ఈ రోజు కొట్టిన చెరకు రేపటిలోగా పెనంలో ఉండాల్సిందే.

కొలత కూడా కొట్టు దగ్గరే దొరికింది. ఆ టీ కొట్లలో ఎక్కువమందిది అయిదు లీటర్ల గిన్నె. లీటరుకు ఎనభై గ్రాములు వేస్తే వాళ్ళ రుచి వస్తోంది. కాబట్టి నాలుగు వందల గ్రాముల ప్యాకెట్. ఒక గిన్నెకు ఒక ప్యాకెట్, కొలిచే పని లేదు. ప్యాకెట్ మీద ఏడుకొండల బొమ్మ తీసేసి "పొయ్యి మీద నుంచి దించాక వేయండి" అని తెలుగులోనూ తమిళంలోనూ పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాను. మన ఊళ్ళో టీ మాస్టర్లలో తమిళం మాట్లాడేవారు చాలామంది. మరుగుతున్న పాలలో వేస్తే ఎంత మంచి బెల్లమైనా మోసం చేయవచ్చు. ఆ ఒక్క వాక్యం నా ప్యాకెట్‌కు ప్రాణం.

విడి బెల్లం కంటే నా ధర కిలోకు పాతిక రూపాయలు ఎక్కువ. రేణిగుంట రోడ్డు ఆయన మొదట వద్దన్నారు. నేను వాదించలేదు. నోటు పుస్తకం తీసి, ఆయన ఒక్క వారంలో పారబోసిన పాలు ఎన్ని లీటర్లో చూపించాను. ఆయన భార్య ఆ లెక్క విని, "ముందు ఈ రోకలి తప్పుతుంది, తీసుకో" అన్నారు. మొదటి ఆర్డరు ఇచ్చింది నిజానికి ఆమె.

ఇంకో మలుపు నేను ఊహించనిది. పుత్తూరు నుంచి ఒకామె నెలకు ముప్పై, నలభై కిలోలు కొంటున్నారు. ఆమెకు టీ కొట్టు లేదు. వేరుశనగ చిక్కీలు, ఉండలు చేసి అమ్ముతారు. పాకానికి మామూలు బెల్లమే చాలు కదా, ఎక్కువ ధర పెట్టి పొడి ఎందుకు కొంటున్నారో తెలియక బస్సెక్కి వెళ్ళి చూశాను. "ఇందులో ఇసుక ఉండదమ్మా, పన్ను కింద కరకరలాడదు" అన్నారు. నేను పొడి అమ్ముతున్నాననుకున్నాను, ఆమె కొన్నది శుభ్రత. ఆమె కోసం రెండుసార్లు వడకట్టిన రసంతో మామూలు దిమ్మెలు వండి, పొడి కంటే తక్కువ ధరకు ఇచ్చాను. మిఠాయిలు చేసే ఇళ్ళు ఒకటి తరువాత ఒకటి కలిశాయి. 2020 మార్చిలో కొండ మీద దర్శనాలు ఆగిపోయి టీ కొట్లన్నీ మూతపడ్డప్పుడు మమ్మల్ని నిలబెట్టింది ఈ మిఠాయి ఇళ్ళే. మీరు అనుకోని మనిషి మీ సరుకు కొంటుంటే సంతోషపడి ఊరుకోకండి, బస్సెక్కి వెళ్ళి ఎందుకో చూడండి.

దెబ్బలు కూడా తిన్నాను. పొరుగు జిల్లా హోల్‌సేల్ వ్యాపారి ఒకరు అరవై వేల సరుకు తీసుకుని ఎగ్గొట్టారు. అప్పటి నుంచి కొత్తవారికి అప్పు లేదు. టీ కొట్లకు రోజూ నగదు వస్తుంది, కాబట్టి మేము కూడా రోజువారీగానే వసూలు చేసుకుంటాం.

చాలామంది నన్ను మామిడి గురించి అడుగుతారు. 2025లో మన జిల్లాలో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలపాలని నిర్ణయించాల్సి వచ్చింది. కాయ ఇంత చవకగా ఉంది కదా, గుజ్జు తీసి అమ్ముకుంటే లాభమేగా అని అప్పుడు ఎంతమంది అన్నారో. ఆ ఏడాది గుజ్జు కొనేవారే తగ్గారు, అందుకే కాయ చవకైంది. ముడిసరుకు చవకగా ఉందంటే అవకాశం ఉందని కాదు, చాలాసార్లు కొనేవాడు లేడని. రైతు బిడ్డగా ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. కానీ ఆ వైపు నుంచి లెక్క మొదలుపెడితే నా అట్టపెట్టెల గతే పడుతుంది.

పెద్ద సంస్థల దారి కూడా చూడండి. గల్లా రామచంద్ర నాయుడు గారు 1985లో స్థాపించిన అమర రాజా, మొదట టెలిఫోన్ వ్యవస్థల వంటి పెద్ద అవసరాలకు బ్యాటరీలు చేసి, 2000లో గానీ అమరాన్ పేరుతో వాహనాల బ్యాటరీలకు రాలేదు. పని కోసం కొనేవారికి తమ నష్టం ఎంతో అంకెల్లో తెలుసు. ఇంటి కోసం కొనేవారికి అలవాటు ముఖ్యం. మొదటి కొనుగోలుదారుగా పని చేసుకునేవారిని పట్టుకోవడం సులువని నా అనుభవం కూడా.

కాగితాల విషయం త్వరగా చెప్పేస్తాను. చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వకండి. ఆహార వస్తువైతే ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు తప్పదు, నేను చేసుకున్నప్పుడు చిన్న వ్యాపారులకు ఏడాదికి వంద రూపాయలు. యంత్రాలకు, చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద 35 శాతం రాయితీతో బ్యాంకు రుణం తీసుకున్నాను. అమ్మకం మొదలయ్యాకే రుణానికి వెళ్ళాను, బ్యాంకులో నా నోటు పుస్తకం చూపించాను.

ఇప్పుడు మీ సంచులు. కుట్టు యంత్రాలు ఇప్పుడే కొనకండి. ముందు రెండు వారాలు, ఇరవై వేలకు మించకుండా ఖర్చు పెట్టండి. కొండ మీద దుకాణాల వాళ్ళు ఇప్పుడు సంచులు ఎక్కడి నుంచి, ఎంతకు తెస్తున్నారు, ఎన్ని మిగిలిపోతున్నాయి, ఏ సైజు ముందు అయిపోతోంది, అడగండి. తరువాత సాయంత్రం పూట తిరుపతి రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కూర్చుని, లడ్డూలు తీసుకెళ్ళే కుటుంబాలను చూడండి. నెయ్యి బయటికి ఊరకుండా వార్తాపత్రిక చుట్టేవారున్నారు, చీర కొంగులో కట్టుకునేవారున్నారు, స్టీలు డబ్బా ఇంటి నుంచే తెచ్చుకున్నవారున్నారు. ఎంతమంది ఏం చేస్తున్నారో రాసుకోండి. మీరు కుట్టాల్సింది సంచో, డబ్బానో, ఇంకేదో, ఆ పేజీలు నిండాక నాకు చూపించండి, కలిసి లెక్క వేద్దాం.